మొదటి భాగంలోని పిల్ల

వనజాక్షి మొగుడికి ఒక జబ్బుంది. ఏ సినిమాకు వెళ్ళాలన్నా ముందు రోజే ఆ కథ మొత్తం యూట్యూబులో ఎవడో కుర్రవాడు విడమరిచి చెప్పగా విని వస్తాడు. విని ఊరుకుంటే అది జబ్బనిపించుకోదు. హాల్లో కూర్చుని, ఆ కథ తానే రాసి, తానే తీసి, మన మీద దయతలచి చూపిస్తున్నట్టు తల పంకిస్తాడు. తెర మీద ఎవరైనా చచ్చిపోబోతుంటే అర నిమిషం ముందు "ఇప్పుడు చూడు" అంటాడు. పెళ్ళైన ఇరవై ఒక్కేళ్ళలో ఒక్క చావుకైనా వనజాక్షి సొంతంగా ఉలిక్కిపడి ఎరగదు.

ఆ ఆదివారం వాళ్ళు వెళ్ళబోయేది ఒక ఇంగ్లీషు సినిమా రెండో భాగానికి. తమిళంలో మాట్లాడుతుంది. రెక్కల తోడేళ్ళు, ముసలి చెట్లు, మెరిసే కత్తులు ఉంటాయి. ఐదు లావుపాటి పుస్తకాలట దానికి మూలం. కూతురు యశశ్విని ఐదూ చదివింది. ప్లస్ టూ పరీక్షలు అయిపోయినందుకు ఆ పిల్ల కోరుకున్న బహుమానం ఈ సినిమా. మొగుడు జయరామ్ ఒక్కటీ చదవలేదు, అయినా అన్నీ తెలుసు. అత్తకు చదువు రాదు. వనజాక్షి మొదటి పుస్తకం పద్నాలుగో పేజీ దాకా చదివింది. ఆ పేజీ మీద పసుపు మరక పడి మూడు నెలలైంది. పుస్తకాన్ని బియ్యం డ్రమ్ము మీద పెట్టుకుని, అన్నం ఉడికేలోపల ఒక పేరా, పాలు పొంగేలోపల ఒక పేరా చదివేది. ఇంతలో ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎక్కడుందని అడిగేవాళ్ళు. అది వెతికిచ్చి వచ్చేసరికి కథలో ఎవరు ఎవరికి ఏమవుతారో చెదిరిపోయేది. మళ్ళీ ఒకటో పేజీ. ఆ పద్నాలుగు పేజీలనే ఆమె ఐదు పుస్తకాలంత చదివింది.

"పుస్తకం చదవకుండా వస్తే నీకేమీ అర్థం కాదుమా," అంది యశశ్విని, పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటూ.

"మీ అప్పా చదివినాడా?"

"అప్పాకి అర్థం కాకపోయినా పరవాలేదు. ఆయన అడగడు కదా. నువ్వు అడుగుతావు."

అది నిజమే గనక వనజాక్షి అన్నం గంజి వార్చడానికి వంగింది. కుక్కర్లో వండిన అన్నం అత్తకు పడదు. అందుకని ఆ ఇంట్లో ఇప్పటికీ గిన్నెలో వండి వార్చాలి. గిన్నె వంచేటప్పుడు జడ ముందుకు జారి గంజిలో పడకుండా, దాని కొసను పళ్ళతో బిగించి పట్టుకుంటుంది. రెండు చేతులూ గిన్నెకే సరిపోతాయి గనక ఆ పని పళ్ళు చెయ్యాలి. ఇందులో శాస్త్రమేమీ లేదు. అయినా అత్త ఇరవై ఒక్కేళ్ళుగా అంటూనే ఉంది. "వెంట్రుకలు నోట్లో పెట్టుకుంటారామ్మే యాడన్నా? ఇంటికి దరిద్రం." ఆ దరిద్రం వస్తే ఏ దారిన వస్తుందో చూద్దామని వనజాక్షి ఇప్పటికీ పట్టుకుంటూనే ఉంది.

అత్త పేరు వళ్ళియమ్మ. చిక్కంతా అక్కడే మొదలైంది, ఎందుకంటే వనజాక్షి పేరు కూడా వళ్ళియమ్మే. వాళ్ళ ఊరు తిరుత్తణిలో ఏ వీధిలోనైనా నిలబడి వళ్ళీ అని కేకేస్తే ముగ్గురు పలుకుతారు. కొండ మీది సామి పెళ్ళాం పేరు. మొక్కుకున్న ప్రతి ఇంట్లో ఒకరికి పెట్టేస్తారు. పెళ్ళి చూపుల్లో ఈ సంగతి అందరూ విని నవ్వుకున్నారు. పెళ్ళయి, ఎర్రనీళ్ళు దిగదుడిచి, కోడలు కుడికాలు గడప మీద పెట్టిన క్షణంలో అత్తకు హఠాత్తుగా తట్టింది. "వళ్ళీ, ఆ చెంబు తేమ్మే అంటే నన్ను నేనే పిలుచుకున్నట్టుండదా? నా కొడుకు వాళ్ళమ్మ పేరు పెట్టి పెళ్ళాన్ని అరిచేదెట్ల?" అని అక్కడే ఆపేసింది. ఏ పేరు పెట్టాలో ఎవరికీ తోచలేదు. ఎండ మండుతోంది. పెళ్ళివాళ్ళు వచ్చిన వ్యాను వాకిట్లో నిలబడి ఉంది. దాని వెనక అద్దం మీద తమిళంలో పెద్ద ఎర్ర అక్షరాలున్నాయి. "అదేమని రాసుండాదిరా?" అని అత్త కొడుకును అడిగింది. "వనజాక్షి" అని చదివాడు జయరామ్. "బాగుండాది. అదే పెట్టేస్తాం," అంది అత్త. అలా, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట ఉండగా, వళ్ళియమ్మ వనజాక్షి అయింది. వనజాక్షి అనేది ఆ వ్యాను యజమాని ధర్మలింగం కూతురు. అప్పటికి ఆరేళ్ళ పిల్ల.

పదేళ్ళ కిందట ఆ వ్యాను పాత ఇనుముకు పోయింది. పేరు మాత్రం రేషన్ కార్డులో, ఆధార్‌లో, ఓటరు జాబితాలో, గ్యాసు పుస్తకంలో స్థిరపడిపోయింది. వళ్ళియమ్మ మిగిలింది ఒక్క చోటే. బీరువా అడుగున, ప్లాస్టిక్ కవర్లో, బి.ఎస్‌సి. బాటనీ ఫస్ట్ క్లాస్ పట్టాలో.

ఆ పట్టా తీసుకుని మొన్న శుక్రవారం తిరువళ్ళూరు వెళ్ళింది. అక్కడొక ప్రైవేటు బడిలో ల్యాబుకు మనిషి కావాలన్నారు. కాండాలు, వేర్లు పల్చగా కోసి పిల్లలకు స్లైడ్లు తయారు చేసి పెట్టాలి. కోయడంలో తన చెయ్యి ఎన్నడూ ఖాళీగా లేదు గనక ధైర్యంగానే వెళ్ళింది. ఆఫీసు బయట బెంచీ మీద పదిమంది కూర్చున్నారు. అటెండరు వచ్చి "ఎస్. వళ్ళియమ్మ!" అన్నాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ అన్నాడు. వనజాక్షి అటూ ఇటూ చూసింది. మూడోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. ఎవరీ ఆడమనిషి, ఉద్యోగానికని వచ్చి పిలిస్తే పలకదు, ఇలాంటివాళ్ళకి బడిలో ఏం బాధ్యత ఉంటుంది అని పక్కామెతో అంది కూడా. అటెండరు తరవాతి పేరు పిలిచాడు. ఆ తరవాత ఎప్పటికో, అది తన పేరేనని తట్టింది.

చిట్టచివరికి లోపలికి వెళితే, ఆఫీసులో ఉన్న కలైవాణి మేడం పట్టా ఒక చేత్తో, ఆధార్ ఒక చేత్తో పట్టుకుని చూసింది. మార్కులు చూసి కళ్ళు పెద్దవి చేసింది. పేర్లు చూసి చిన్నవి చేసింది. "ఇద్దరిలో ఎవరో ఒకరు రండి మేడం," అంది. పరిహాసానికి కాదు, పాపం, అలసిపోయి అంది. దారి కూడా ఆమే చెప్పింది. ఈ ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర కాగితం రాయించాలి. పేరు మార్చిన సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి. మంగళవారం లోపల తెస్తే ఉద్యోగం మీదే, లేదంటే వరుసలో తరవాతావిడ ఉన్నారు.

జయరామ్ కాట్టుపల్లి రేవులో ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్వైజరు. సోమవారం వెళితే శనివారం వస్తాడు. శనివారం సాయంత్రం కాఫీ ఇచ్చి విషయం చెప్పింది వనజాక్షి.

"ఇంట్లో నీకేం తక్కువయింది?" అన్నాడు.

"తక్కువ కాలేదు. ఎక్కువే అయింది. అందుకే కొంచెం బయట చేస్తామని."

"రెండు పేర్లు, నోటరీ, అలియాసు... నీకు అర్థం కాదులే ఇదంతా. ఒక కాగితంలో మారిస్తే ఇంకో పది కాగితాల్లో పట్టుకుంటుంది." కొంచెం సేపు కాఫీ తాగాడు. "సంతకానికేముండాది. మా అమ్మ పెడితే నేనూ పెడతా."

యాభై ఏళ్ళ మనిషి, కింద ముప్ఫైమంది పనిచేస్తారు, రేవులో ఓడ కదలాలంటే ఇతని సంతకం కావాలి. వనజాక్షి అత్త వైపు చూసింది.

"నేను పెట్టను," అంది అత్త. "గడప మింద పెట్టిన పేరు అది. దాన్ని తీసుకబోయి కోర్టు కాడ అలియాసు అంటావా? రెండు పేర్లు దొంగలకుంటాయి. మన ఇండ్లల్లో ఆడోళ్ళకి ఏమిటికి?"

అంతటితో ఆ మాట అయిపోయింది. అయిపోయిందని వాళ్ళిద్దరూ అనుకున్నారు.

ఆదివారం పదకొండున్నర ఆటకు తిరువళ్ళూరులో నలుగురూ సీట్లలో కూర్చున్నారు. కూర్చునే వరస ఎప్పుడూ ఒకటే. నడవ పక్కన అత్త, ఆమె పక్కన వనజాక్షి, ఆ తరవాత యశశ్విని, చివర జయరామ్. అత్తకు గంటకోసారి బాత్రూము కావాలి, తీసుకెళ్ళే మనిషి పక్కనే ఉండాలి. మొదటి భాగం కూడా ఇలాగే చూశారు, రెండేళ్ళ కిందట. వనజాక్షి చూసింది తొలి అరగంట. తరవాత అత్తతో బాత్రూముకు వెళ్ళింది, అక్కడ వరుస. తరవాత జయరామ్‌కు గ్యాసు సిలిండరు వాడి ఫోను వస్తే అది ఆమె చేతికిచ్చాడు, పక్కింటావిడకు తాళం ఎక్కడుందో చెప్పడానికి బయటికి వెళ్ళింది. తరవాత మళ్ళీ బాత్రూము. ఆఖర్న తిరిగొచ్చేసరికి ఎవరో నదిలో పడిపోయారు, అందరూ ఏడుస్తున్నారు. ఎవరని అడిగితే "ఇంటికి పోయినాక చెప్తా" అన్నాడు జయరామ్. ఇంటికి పోయాక దోసెలు వెయ్యమన్నాడు.

ఆ తొలి అరగంట మాత్రం ఆమెకు బాగా గుర్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ పాడు చెయ్యలేదు. అడవిలో మిర్రా అనే పిల్ల. ఊరంతటికీ పెద్ద కాగులో జావ కాస్తుంది. ఒక్కొక్కరి గిన్నెలో పోస్తూ, నల్లటి పొడుగు జడ కొసను పళ్ళతో పట్టుకుంటుంది. మిగతా వాళ్ళంతా ఆ పిల్ల విల్లంబులు చూసి ఈలలు వేశారు. వనజాక్షి ఆ జడ చూసి, ఈ పిల్లెవరో తెలిసిన పిల్లలా ఉందే అనుకుంది.

రెండో భాగం మొదలైంది. మొదలవడమే మంచు. మంచు మీద ఇద్దరు రాజులు, ఇద్దరికీ ఒకటే గడ్డం. ఒకడు రెండోవాణ్ణి అన్నా అన్నాడు, వెంటనే పొడిచాడు. పొడిచినవాడు మంచివాడా పొడిపించుకున్నవాడు మంచివాడా అని కూతుర్ని అడిగింది. "ఇద్దరూ కాదుమా, చూడు," అంది యశశ్విని. చూసింది. ఒక ముసలి చెట్టు కళ్ళు తెరిచి ఏదో జోస్యం చెప్పింది. ఆ చెట్టు ఏ పార్టీయో తెలియలేదు. లక్షమంది సైన్యం కొండ దిగింది. వాళ్ళు మూడు రోజులుగా నడుస్తున్నారట. మూడు రోజులుగా వీళ్ళకు అన్నం ఎవరు వండారు? వండిన గిన్నెలు ఎవరు తోమారు? ఆ మంచులో, అంత సామానుతో? తోడేళ్ళకు రెక్కలు ఎందుకొచ్చాయో అడగకుండా ఊరుకోగలదు గానీ, ఇది మాత్రం ఆమెను చాలా సేపు పీడించింది. కోటలో విందు జరిగింది, బల్ల నిండా పళ్ళు, మాంసాలు. తిన్నది తక్కువ, కత్తితో పొడిచి వదిలేసింది ఎక్కువ. తరవాత బల్ల ఎవరూ తుడవకుండానే శుభ్రమైపోయింది. ఈ సినిమాలో మంత్రమంటూ ఏదైనా ఉంటే అదే అనిపించింది వనజాక్షికి.

"ఆ నీలం కోకమ్మి ఎవురు?" అంది అత్త.

నిజానికి అది కోక కాదు, ఏదో పొడుగాటి అంగీ. తెల్ల జుట్టు, మొహం నిండా వెండి రంగు పూత. మంచుకొండ రాజుగారి భార్య, ఓర్వెన్ మహారాణి. కఠినురాలు. నవ్వదు. అడవివాళ్ళందర్నీ చంపడానికి సైన్యాన్ని పంపింది ఆవిడేనని అందరూ అనుకుంటున్నారు. వనజాక్షికీ మొదట అంతే అర్థమైంది. అయితే ఇంటర్వెల్‌కు కొంచెం ముందు రాజుకు జబ్బు చేసింది. మహారాణి దాసీలందర్నీ బయటికి పొమ్మంది. తనే పొయ్యి దగ్గర నిలబడి, వేళ్ళు కాచి, ఆ కషాయాన్ని గిన్నెలోకి వంచింది. వంచేటప్పుడు తెల్లటి జడ ముందుకు జారింది. ఆవిడ దాని కొసను పళ్ళతో బిగించి పట్టుకుంది.

వనజాక్షి సీట్లో నిటారుగా కూర్చుంది. "ఆ పిల్లే," అంది.

"ఏ పిల్ల?" అన్నాడు జయరామ్ అవతలి నుంచి.

"మొదటి భాగంలో పిల్ల. మిర్రా. జావ కాసినామె."

జయరామ్ నవ్వాడు. మామూలుగా కాదు, ముందు వరుసలోవాళ్ళు తిరిగి చూసేంతగా. "మిర్రా నదిలో పడి చచ్చిపోయిందమ్మే, పోయిన భాగంలోనే. నువ్వు బాత్రూములో ఉండావు. ఇది వేరే ఆమె. వేరే యాక్టరు. వేరే పేరు. మొహమే వేరేగా ఉంటే ఒకరే ఎట్లవుతారు? నేను మూడు వీడియోలు చూసినా. నీకు అర్థం కాదులే, ఊరకుండు."

"యశూ, నువ్వు చెప్పు."

యశశ్విని తల్లి వైపు చూసిన చూపులో ఏదో ఉంది, చీకట్లో సరిగా తెలియలేదు. "నేను స్పాయిలర్ చెప్పనుమా," అంది.

ఇంటర్వెల్ పడింది. జయరామ్ సీట్లోంచి లేవకుండానే నాలుగు పాప్‌కార్న్, రెండు కాఫీ అన్నాడు. యశశ్విని అవ్వను బాత్రూముకు తీసుకెళ్ళింది. వనజాక్షి వరుసలో నిలబడింది, ముందు ఇరవైమంది ఉన్నారు. వేరే పేరు, వేరే మొహం, ఒకరే ఎట్లవుతారు. నవ్వినందుకు కాదు ఆమెకు గుచ్చుకున్నది. శుక్రవారం కలైవాణి మేడంకు అర్థం కానిదీ, ఇప్పుడు జయరామ్‌కు అర్థం కానిదీ ఒకటే సంగతి అయినందుకు. ఆఫీసామెకైతే కాగితం చూపించి నిరూపించవచ్చు. పేరు మార్చినప్పుడు పక్కనే నిలబడి, వెనక అద్దం మీద అక్షరాలు చదివి చెప్పిన మనిషికి ఏం చూపించాలి? ఆ రోజు గడప దగ్గర ఇంకా ఎవరున్నారా అని గుర్తు చేసుకుంది. అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. తమ్ముడు అప్పటికి చిన్నవాడు. అత్త, జయరామ్. వాకిట్లో వ్యాను. వ్యాను తలుపుకు ఆనుకుని, చెమట తుడుచుకుంటూ, దాని యజమాని.

ధర్మలింగం ఇప్పుడు నీళ్ళ క్యాన్లు వేస్తున్నాడు. ఆయన నంబరు ఫోన్లో ఉంది. నొక్కింది.

"ఎవురుమ్మా?"

"నేనన్నా, వనజాక్షిని."

"ఏంది పాపా, గొంతు వేరుగుండాదే? జలుబు చేసిందా? తిరునిన్రవూరులో వాన పడతా ఉండాదా?"

"నీ కూతుర్ని కాదన్నా. నీ వ్యాన్‌ని."

అవతల పకపకా నవ్వు. ఆమె సంగతంతా చెప్పింది. నవ్వడం ఆపి విన్నాడాయన. "ఆ పొద్దు నేను మీ నాయనతో అంటిని గదమ్మా. పెయింటు వేసేవాడు మొన్ననే వేసినాడు, అప్పుడే నా బిడ్డ పేరు ఎత్తుకోని పోతా ఉండారే అని. సంతకమే కదా? పెడతాను. నా బిడ్డతో కూడా పెట్టిస్తా. రేపు పది గంటలకి నోటరీ కాడికి వస్తాం. వచ్చేటప్పుడు రెండు క్యాన్లు ఇంట్లో వేసేది ఉండాదా?"

"ఒకటి చాలన్నా," అంది వనజాక్షి. పాప్‌కార్న్ కొనడం మర్చిపోయి, కాఫీ ఒకటే, తనకు మాత్రమే తీసుకుని, అక్కడే నిలబడి వేడివేడిగా తాగింది. సీటుకు తిరిగి వెళ్ళాక జయరామ్ "పాప్‌కార్న్?" అన్నాడు. "అయిపోయిందంట," అంది. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

రెండో సగం ఇంకా గజిబిజి. చచ్చిపోయిన రాజు లేచాడు, బతికున్న తోడేలు రాయైపోయింది, చెట్టు జోస్యం మార్చుకుంది. జయరామ్ కూడా తల పంకించడం తగ్గించాడు. యూట్యూబు కుర్రవాడు ఇంత దూరం వచ్చినట్టు లేదు. చివరికి అడవివాళ్ళు కోట గోడ కిందికి వచ్చారు. వాళ్ళ నాయకుడు గార్త్ అనేవాడు పైకి చూశాడు. గోడ మీద ఓర్వెన్ మహారాణి వీపు తిప్పుకుని నిలబడి ఉంది. మంచు కురుస్తోంది. వాడు గట్టిగా అరిచాడు.

"మిర్రా!"

మహారాణి కదలలేదు. వాడు మళ్ళీ పిలిచాడు. ఆవిడ పక్కనున్న సైనికుడి వైపు చూసింది, ఎవరిని పిలుస్తున్నాడన్నట్టు. బెంచీ. పదిమంది. ఎవరీ ఆడమనిషి, పిలిస్తే పలకదు.

"పిలస్తా ఉండారే, తిరగదేమే ఆ పిల్ల?" అంది అత్త చెవి దగ్గర. "చెవుడా?"

"మరిచిపోయిందత్తా."

"ఎవురన్నా సొంత పేరు మరస్తారామ్మే?"

వనజాక్షి తెర మీదినుంచి కళ్ళు తిప్పలేదు. "మరస్తారత్తా. ఏండ్ల తరబడి ఎవురూ పిలవకపోతే మరస్తారు. మొన్న శుక్రవారం బళ్ళో నన్ను పిలిచినారు. వళ్ళియమ్మా, వళ్ళియమ్మా అని మూడు సార్లు. నేను తిరగలేదు. ఎవురో పొగరుబోతు అనుకున్నా."

తెర మీద గార్త్ మూడోసారి పిలిచాడు, ఈసారి అరవకుండా, చిన్నగా, ఇంట్లో పిలిచినట్టు. మహారాణి చెయ్యి తనకు తెలియకుండానే జడ కొస మీదికి వెళ్ళింది. ఆవిడ మెల్లగా తిరిగింది. హాల్లో ఒక్కసారిగా ఈలలు, కేకలు. అంతమందిలో జయరామ్ ఒక్కడూ కదలకుండా కూర్చున్నాడు. వనజాక్షి ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది, ఎందుకంటే ఎన్నో ఏళ్ళ తరవాత తెర మీద ఒక సంగతికి తను సొంతంగా ఉలిక్కిపడింది. సినిమా అయిపోయేదాకా అత్త బాత్రూము అడగలేదు.

తిరుత్తణికి తిరిగెళ్ళే నాలుగు గంటల లోకల్ రైలు ఖాళీగానే ఉంది. ఎదురు బెంచీ మీద ఖాళీ పూలబుట్టతో ఒకామె కునుకు తీస్తోంది. నలుగురూ కిటికీ దగ్గర కూర్చున్నారు. కడంబత్తూరు దాటాక జయరామ్ మొదలుపెట్టాడు.

"ఆ యూట్యూబోడు తప్పు చెప్పినాడు."

"ఆయన చెప్పింది ఇంటర్వెల్ దాకా మాత్రమేప్పా," అంది యశశ్విని.

"డైరెక్టరుది కూడా తప్పే. యాక్టర్ని మార్చేస్తే ఎవురికి తెలుస్తుంది?"

"అమ్మకి తెలిసింది కదా. పుస్తకంలో కూడా అదే క్లూ. జడ కొస పళ్ళతో పట్టుకుంటుంది. నేనే నాలుగో పుస్తకం దాకా కనిపెట్టలేదుప్పా. అమ్మ పద్నాలుగు పేజీలకే కనిపెట్టేసింది."

"ఏదో ఒక గుడ్డి లెక్కలో చెప్పింది," అన్నాడు జయరామ్, కిటికీ బయటికి చూస్తూ.

అత్త ఆ మాటలేవీ విననట్టు కూర్చుంది. కొంచెంసేపటికి మనవరాలి మోకాలి మీద చెయ్యి వేసింది. "ఏమే, ఆ పిల్లకి పేరు మార్చింది ఎవురు?"

"కొండవాళ్ళు అవ్వా. నదిలోంచి తీసి, రాజుకిచ్చి పెళ్ళి చేసినారు కదా. అప్పుడు."

"ఏమిటికి మార్చినారు?"

"వాళ్ళకి అడవి పేరు పిలిచేదానికి ఇబ్బందంట. అంతే. పుస్తకంలో ఒకే ఒక లైను ఉంటుంది అవ్వా."

"అంతేనా?"

"అంతే."

అత్త తల ఊపింది. చీర కొంగు ముడి విప్పింది, లోపలినుంచి ఏమీ తియ్యలేదు, మళ్ళీ ముడి వేసింది. వనజాక్షి సంచీలోంచి చింతపండు అన్నం డబ్బా తీస్తూ, సంభాషణలో భాగంలాగానే అంది. "రేపు పది గంటలకి నోటరీ కాడికి పోతా ఉండాను. సంతకాలకి మనుషులు దొరికినారు."

"ఎవురు?" అన్నాడు జయరామ్.

"ధర్మలింగం అన్న. ఆయన కూతురు."

"ఏ ధర్మలింగం? నీళ్ళ క్యాన్లాయనా? బయటోడు వచ్చి మా ఇంటి సంగతికి సంతకం పెట్టేదా? నలుగురికి తెలిస్తే ఎట్లుంటుంది?"

"బయటోళ్ళేం కాదండి. పేరు వాళ్ళది కదా. వాడుకున్నంత కాలం వాడుకున్నా. తిరిగిచ్చేటప్పుడు వాళ్ళు లేకపోతే ఎట్ల?"

యశశ్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. జయరామ్‌కు కోపం రావాలో రాకూడదో తెలియలేదు. ఈ ఘట్టానికి వీడియో ఎవరూ చేసి పెట్టలేదు. "అమ్మా, చూడుమా," అన్నాడు చివరికి.

అత్త చూసింది, కొడుకును. "మొదులు నువ్వు ఒక మాట చెప్పరా. సినిమాలో నువ్వు చెప్పింది తప్పా కాదా?"

"నా తప్పు ఏముండాదిమా ఇందులో? వీడియోలో అట్ల చెప్పినాడు, నేను విన్నాను."

"అంత మంది ముందర దాన్ని చూసి నవ్వినావు కదా. తప్పని ఒక్క మాట ఒప్పుకోను నోరు రాదా?"

"నాదేం లేదుమా."

బండి మణవూరులో ఆగింది. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. మళ్ళీ కదిలింది.

"సరే," అంది అత్త. "నీది లేదులే."

వనజాక్షి అన్నం నాలుగు ఆకుల్లో పెడుతోంది. ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో గరిటె. డబ్బా మీదికి వంగితే జడ ముందుకు జారింది. అలవాటు కొద్దీ దాని కొసను పళ్ళతో పట్టుకుంది. దరిద్రం అన్న మాట కోసం చెవి సిద్ధంగానే ఉంది.

"వళ్ళీ."

ఎదురు బెంచీ మీది పూలామె కళ్ళు తెరిచి "ఏమక్కా?" అంది. వనజాక్షి గరిటె దులుపుతోంది.

"నిన్ను కాదమ్మా," అని పూలామెకు చెప్పి, అత్త చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది. "వళ్ళీ. నిన్నేమ్మే, పిలస్తా ఉండాను."

వనజాక్షి పళ్ళ మధ్యనుంచి జడ జారిపోయింది. తిరిగింది.

"రేపు నేనూ వస్తా నోటరీ కాడికి," అంది అత్త. "నాకు రాయను వచ్చేది ఆ ఒక్క పేరే. యాడ రాయాలో చూపించు, రాస్తా." "నాకు పిలిచేదానికి ఇబ్బందని, గడప మింద నిన్ను నిలబెట్టి, వాకిట్లో ఉండే బండి పేరు తీసి నీకు పెట్టేసినాను. తప్పు నాదేమ్మే."